చాలుగా?

అక్కా,

'ప్రియమైన' అని రాసి కొట్టేశాను. అబద్ధంతో ఉత్తరం మొదలుపెట్టడం ఇష్టంలేక. మొన్న నా మాట పూర్తికాకుండానే ఫోన్ పెట్టేశావు. అందుకే రాస్తున్నాను. కాగితాన్నయితే మధ్యలో పెట్టేయలేవుగా.

ఏడాది చివరి సెలవులకి ఈసారి మేము మీ ఇంటికి రావడం లేదు. ఈసారే కాదు, ఇక ఎప్పుడూ రాము. ఎందుకో కూడా విను.

పోయిన వారం పక్కింటి పాప పుట్టినరోజుకి మా పిచ్చుకని తీసుకెళ్ళాను. నా కూతురికి ఆ పేరు పెట్టింది నువ్వే, గింజలు ఏరుకున్నట్టు తింటుందని. ఆ ఇంటావిడ గరిటె ఎత్తిందో లేదో, ఇది కంచం మీద చెయ్యి అడ్డం పెట్టి "చాలు" అంది. వెయ్యకముందే చాలేమిటే అని ఆవిడ నవ్వింది. అందరూ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఇంటికొచ్చాక ఆకలేస్తోందని ఏడుపు. మరి అక్కడెందుకు వద్దన్నావే అంటే ఏమందో తెలుసా?

"పెద్దమ్మ అడక్కముందే చాలంటే మంచిపిల్ల అంటుంది కదమ్మా."

లోకంలో వడ్డించేవాళ్ళంతా "ఇంకాస్త వెయ్యనా?" అని అడుగుతారు. నువ్వొక్కదానివే "చాలుగా?" అంటావు. ఆ 'గా' దగ్గరే గరిటె వెనక్కి వెళ్ళిపోతుంది. చాల్లేదు అని మన ఇంట్లో ఎవరైనా ఎప్పుడైనా అనగలిగారా? వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదంటారు. మాకు వడ్డించింది సొంత అక్క, మేము కూర్చుంది మొదటి బంతి. అయినా కంచం అడుగు కనిపిస్తూనే ఉండేది.

హాస్టల్ స్టోరులో ఏళ్ళకేళ్ళు తాళాలు మోశావు, పప్పూ నూనే కొలిచి ఇచ్చావు. అది ఉద్యోగం, కాదనను. రిటైరయ్యాక కూడా నడుముకి ఆ గుత్తి ఎందుకు? బీరువాలో కొత్త దుప్పట్లు మడతల్లోనే పచ్చబడిపోయాయి. మేము సెలవులకొచ్చి ఒక్క దుప్పటిలో ముగ్గురం ముడుచుకుని పడుకుంటే, అవి 'ఎవరైనా వస్తే' పరచడానికి అనేదానివి. ఏటేటా వచ్చింది మేమే కదక్కా. మేము ఎవరమూ కాదా?

నేను కర్టెన్లు కుట్టుకుని బతికే మనిషిని. అడక్కపోయినా అంచులో బెత్తెడు గుడ్డ ఎక్కువ మడిచి కుడతాను, రేపు కిటికీ మారితే దించుకుంటారని. నువ్వు మమ్మల్ని ఆ మడత లేకుండా పెంచావు. నేనెలాగో సర్దుకున్నాను. నా పిల్ల సర్దుకోవడానికి ఒప్పుకోను.

ఈసారి సెలవులు మా ఇంట్లో. తమ్ముడు, మరదలు, పిల్లలు ఇక్కడికే వస్తున్నారు. గిన్నెలకి మూతలుండవు, అలమరాలకి తాళాలుండవు. నువ్వూ రావచ్చు. వంటింట్లో అడుగు పెట్టకూడదు, గరిటె ముట్టకూడదు, ఆ మాట నా ఇంట్లో వినపడకూడదు. కుదరదంటే నీ బీరువాకి కాపలా కాసుకుంటూ అక్కడే ఉండు.

నీ చెల్లెలు
(ఇదీ కొట్టేద్దామనుకున్నాను, మనసొప్పలేదు)


చెల్లాయికి,

ఉత్తరం అందింది. ఒక్కసారే చదివాను, చాలు. ఈ మాట కాగితం మీద కూడా నిషేధమైతే చెప్పు, కొట్టేస్తాను.

నోరు బాగా పెరిగింది నీకు. పెంచింది నేనే కాబట్టి తప్పు నాదే అనుకుంటాను. అమ్మ పోయిన ఏడు నువ్వు పాలపళ్ళ పిల్లవి, తమ్ముడికి ఇంకా మాటలు రాలేదు. గిన్నెలో ఎంతుందో నాకొక్కదానికే తెలుసు. "ఇంకాస్త వెయ్యనా?" అంటే మీరు ఊఁ అంటారు. అప్పుడు నేను "లేదు" అనాలి. ఆ మాట మీ మొహాలు చూసి అనలేక "చాలుగా?" అనడం నేర్చుకున్నాను. ఇప్పుడు గిన్నె నిండా ఉన్నా నోటికి అదే వస్తోంది. నాలుకేమైనా కర్టెనా, విప్పి మళ్ళీ కుట్టుకోవడానికి?

ఇక నీ సంగతి. ఇంట్లో ఉన్నది పిడికెడు మందిమైతే ఊరందరికీ సరిపడా సరుకులు తెప్పించావని తమ్ముడు చెప్పాడు. నాకు అయిపోతుందని భయం. నీకు చాల్లేదంటారని భయం. కసి కొద్దీ వండినదాన్ని సమృద్ధి అనరే. మనిద్దరం ఒక్క తల్లి పిల్లలమే, నువ్వెంత మొత్తుకున్నా.

వస్తాను. వంటింట్లోకి రాను. పెడితే తింటాను, లేకపోతే లేదు.

మీ అక్క


మా అక్కకి,

చెప్పకుండా పొద్దున్నే బస్సెక్కేశావు. దీనికి వేరే తిట్లు ఉన్నాయి, దాచుకుంటున్నాను.

మూట విప్పి ఆ దుప్పట్లు మా మంచం మీద పడేసి, "ఎవరో వచ్చారుగా, పరుచుకోండి" అన్నావు చూడు, అప్పుడు కూడా నాకు కోపమే వచ్చింది. ఇన్నేళ్ళ తర్వాతా అని. భోజనాల దగ్గర ఆ కోపంతోనే మొదట నీ దగ్గరికొచ్చాను. గరిటె నిండా తీసి నీ కంచంలో గుమ్మరిద్దామని.

నువ్వు చెయ్యి అడ్డం పెట్టావు. ఇంకా ఏమీ వెయ్యలేదు. నేను వద్దన్నానని 'చాలు' అన్న మాట అనలేదు, చెయ్యి మాత్రం దానంతటదే వచ్చేసింది. అచ్చం మా పిచ్చుక చెయ్యే. నా చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. అక్కా, నిన్ను ఎవరైనా కూర్చోబెట్టి వడ్డించగా నేనెప్పుడూ చూడలేదు. గిన్నె అడుగున మిగిలింది నిలబడే తినేదానివి. మాకు "చాలుగా?" అనడానికైనా ఒక మనిషి ఉంది. నిన్ను ఆ మాత్రం అడిగినవాళ్ళు కూడా లేరు. ఇది తలుచుకుంటే నాకు ఏడుపొస్తోంది, నీ మీద కోపమూ వస్తోంది. ఒక్కసారైనా చెప్పకూడదా?

పిచ్చుక లేచి నీ మణికట్టు పట్టుకుని లాగింది. "చెయ్యి తీ పెద్దమ్మా, కాలుతుంది. ఇంకా కావాలా?" ఇంకా మొదలే పెట్టలేదు, ఇంకా కావాలా అట! నువ్వు దాని మొహం చూసి, "కావాలి" అన్నావు. గరిటె అది లాక్కుంది. సగం నీ చీర మీదే పోసింది. నువ్వు తిన్నావు. మళ్ళీ అడిగింది, మళ్ళీ వేయించుకున్నావు. ఆ తర్వాత గోడకి చేరబడి "చాలమ్మా" అన్నావు. ఆ మాట నీ నోట పుట్టెడు సార్లు విన్నాను, అలా ఎప్పుడూ వినలేదు.

మిగిలిందంటావా, నువ్వన్నట్టే గిన్నెలకి గిన్నెలు మిగిలింది. దెప్పుతావని చూశాను, దెప్పలేదు. వంటింట్లోకి రానని మాటిచ్చావు కాబట్టి గుమ్మం బయట పీట వేసుకుని కూర్చుని, గిన్నెలు బయటికి తెప్పించి, డబ్బాల్లోకి సర్ది వీధంతా పంచావు. కొలవలేదు. పక్కింటావిడ చాలు చాలంటున్నా పోశావు. మా ఆయన ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.

మీ ఇంటికి ఇక రామన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. వచ్చే సెలవులకి మేమే వస్తాం. వంటింట్లో నువ్వే ఉండు, గరిటె నువ్వే పట్టుకో. ఆ నాలుకని విప్పి కుట్టుకోనక్కర్లేదు. "చాలుగా?" అనే అడుగు. పిచ్చుకకి జవాబు నేర్పించాను, రోజూ అద్దం ముందు నిలబడి సాధన చేస్తోంది:

"చాల్లేదు పెద్దమ్మా."

నీ చెల్లెలు