మూడు ప్రార్థనలంత సేపు

ప్రియమైన అమ్మకు,

పక్కింటి పిన్నితో మళ్ళీ పోట్లాడావని విన్నాను, కాబట్టి కులాసాగానే ఉన్నావనుకుంటాను. ఇక నా సంగతి.

కాన్పుల గదిలో గడియారం లేని రోజులు గుర్తున్నాయా? గది బయట కుళాయి దగ్గర, నీ పక్కన స్టూలెక్కి నేనూ చేతులు కడుక్కునేదాన్ని. పరలోక ప్రార్థన మూడుసార్లు పూర్తయ్యేదాకా సబ్బు వదలకూడదని నీ లెక్క. నేను గబగబా అప్పజెప్పేస్తే, "దేవుడికి లేని తొందర నీకేంటే? మళ్ళీ మొదలుపెట్టు" అనేదానివి. ఆ సబ్బు వాసన, మోచేతుల దాకా నురగ... ఎంత హాయిగా ఉండేదో! పెద్దయి నేనూ నీలా నర్సునైతే భయమన్నదే ఉండదనుకున్నాను.

నెల క్రితం నా చేతుల్లో ఒక బాబు ఊపిరి తీసుకోకుండానే పోయాడమ్మా. గుండెలోనే లోపం, ఎవరి తప్పూ లేదని డాక్టరుగారు రాశారు. ఆ తల్లి నన్ను పల్లెత్తు మాట అనలేదు. అన్నా బాగుండేది. అప్పటినుంచి ఏదో ఒక వంక చెప్పి కాన్పులు తప్పించుకుంటున్నాను. రికార్డుల గదికి మార్చమని అర్జీ రాసి పెట్టుకున్నాను, సోమవారం ఇస్తాను. దేవుడున్నాడని మాత్రం రాయకు, అది నాకూ తెలుసు.

నీ అమ్మాయి

బంగారుతల్లీ,

దేవుడున్నాడనే రాస్తాను, తిట్టుకుంటే తిట్టుకో.

ఇన్నేళ్ళూ నీకు చెప్పని మాట ఒకటుంది. నీకంటే ముందు నాకొక కొడుకు పుట్టాడు. ఏడవకుండానే వెళ్ళిపోయాడు. పురుడు పోసింది మన పెద్దనర్సమ్మే, నాకు ఆ మూడు ప్రార్థనల లెక్క నేర్పిన మనిషి. ఆ తర్వాత ఆవిడ కాన్పులు మానేసి, ఆసుపత్రి గుడ్డలు ఉడకబెట్టే పనికి వెళ్ళిపోయింది. నువ్వు కడుపున పడ్డాక వెళ్ళి, "పెద్దమ్మా, ఈసారీ నువ్వే రావాలి" అన్నాను. "నాకు భయమే అమ్మాయ్" అంది. "నాకు మాత్రం లేదా? ఇద్దరం కలిసే భయపడదాం, రా" అన్నాను.

వచ్చింది. నొప్పుల మధ్య నేను మోకరిస్తానంటే, "పడుకో, నీ బదులు కూడా నేనే మోకరిస్తాలే" అని గదమాయించింది. "ప్రభువా, ప్రాణం పోసేది నువ్వు, పట్టుకునేదాన్ని నేను. ఇంతకాలం నీ పని కూడా నాదే అనుకున్నాను, క్షమించు" అంది. భయభక్తులంటే ఏమిటో నాకు ఆ రోజే తెలిసింది. ఆవిడకు వణుకు మాత్రం తగ్గలేదు. ఆ వణికే చేతుల్లోనే నువ్వు పుట్టావు.

అర్జీ నీ ఇష్టం.

అమ్మ

అమ్మా,

సోమవారం అర్జీ ఇవ్వలేదు. మధ్యాహ్నం ఒకావిడకు పురుడు పోశాను. పెద్దనర్సమ్మ మాటలే అన్నాను, భయమేస్తోందని కూడా ప్రభువు దగ్గర ఒప్పుకున్నాను. పాప పెట్టిన కేకకు వార్డంతా ఉలిక్కిపడింది. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఆదివారం ఆ బాబు తల్లిని చూడటానికి వెళ్తున్నాను. ఏం మాట్లాడాలో తెలియదు, అయినా వెళ్తాను.

ఒక్కటి అడుగుతాను, బాధపడకు. అన్నయ్యకు ఏం పేరు పెట్టుకున్నావు?

నీ రెండో బిడ్డ