ఒకటి పెట్టకూడదు

జూన్ 1, ఆదివారం

తమ్ముడు వచ్చి వెళ్లాడు. కైకలూరు నుంచి తాడేపల్లిగూడెం దాకా బండి మీద, ఈ ఎండలో... బుట్టెడు రసాలు కూడా మోసుకొచ్చాడు. సత్యం వస్తున్నాడని పొద్దున్నే బూరెలు వేశాను. ఒకటి పెట్టకూడదని రెండు పెట్టాను. "చాలక్కా" అన్నాడు. చాలంటే ఎవరు వింటారు! ఇంకొకటి వేస్తే మూడవుతాయి, మూడూ పెట్టకూడదు, అందుకని నాలుగు చేశాను. బూరెకి చిల్లు పెట్టి నెయ్యి పోశాను. ఇదెక్కడి లెక్క అని మా ఆయన నవ్వుతున్నారు. నాలుగూ తిన్నాడు. నా కడుపు నిండింది.

కుడికాలికి గుడ్డ చుట్టుకున్నాడు. రొయ్యల చెరువు గట్టు మీద నత్తగుల్ల కోసిందట. గట్టెక్కేటప్పుడు అందరూ చెప్పులు షెడ్డు దగ్గరే వదిలేస్తారు, వీడూ అంతే. నొప్పే లేదన్నాడు. పోనీలే, నొప్పి లేదు కదా అనుకున్నాను.

జూన్ 2, సోమవారం

మరదలు ఫోన్ చేసింది. విజయ ఎప్పుడూ మెత్తగానే మాట్లాడుతుంది, నాకు చిరాకూ అందుకే. "వదినగారూ, ఏమీ అనుకోకండి. ఆయనకి షుగర్ బాగా ఎక్కువైందండి. మీరు పెడితే కాదనలేరు. మీరే పెట్టకండి."

సరేనమ్మా అని ఫోన్ పెట్టేశాను. తర్వాత పొయ్యి దగ్గర నిలబడి ఉడికిపోయాను. అమ్మ పోయాక వాడికి అన్నం కలిపి ముద్దలు పెట్టింది నేను. ఇప్పుడు నా తమ్ముడికి నేను పెట్టుకోవడానికి ఈవిడ అనుమతి కావాలా? అయినా ఈ రోజుల్లో షుగర్ లేనిదెవరికి... మాత్రలు వేసుకుంటున్నాడుగా.

జూన్ 5, గురువారం

ఆవిడ మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. "మీరే పెట్టకండి" అట!

జూన్ 8, ఆదివారం

ఇద్దరూ వచ్చారు. పాలతాలికలు చేశాను. కావాలనే చేశాను — ఈ పేజీకి కూడా అబద్ధం చెప్పడమెందుకు. గిన్నె నిండా పోసి వాడి ముందు పెట్టాను. విజయ చెయ్యి కొంచెం ముందుకొచ్చి ఆగిపోయింది. "వదినగారూ..." అంది, అంతే. మా ఇంటికొచ్చి తీపి ముట్టకుండా వెళ్తే నాకు మర్యాదగా ఉంటుందా అన్నాను. వాడు ఆమె వంక చూశాడు. నా వంక చూశాడు. తిన్నాడు. మారు వడ్డిస్తే అదీ తిన్నాడు.

విజయ కంచంలో చెయ్యి కడిగేసుకుంది. గెలిచానని అనిపించింది. నిజంగా అలాగే అనిపించింది.

జూన్ 13, శుక్రవారం

వాడి కాలి బొటనవేలు నల్లబడిందట. ఏలూరు తీసుకెళ్తున్నారు.

జూన్ 14, శనివారం

రెండు వేళ్లు తీసేశారు.

పాసింజరు దొరకలేదు, బస్సులో వెళ్లాను. చేతిలో క్యారియర్ — పెరుగన్నం, వంకాయ కూర, అడుగు గిన్నెలో రవ్వకేసరి. అవును, కేసరి. ఆసుపత్రి మెట్ల మీద గుర్తొచ్చింది. ఆ గిన్నె తీసి గేటు దగ్గర కూర్చున్న ముసలామెకి ఇచ్చేశాను. ఆమెకి మాత్రం షుగర్ లేదని నాకేం తెలుసు!

డాక్టరమ్మ చిన్నపిల్ల. చెడామడా తిట్టేసింది. కాలికి స్పర్శ పోయి ఎన్నాళ్లయిందో మీకెవరికీ తెలీదా, దెబ్బ తగిలిన కాలితో చెరువు నీళ్లలో దిగుతాడా, అంత షుగర్‌తో తీపి ఎలా తింటున్నాడు, ఎవరు పెడుతున్నారు అని. నేను విజయ పక్కనే నిలబడి ఉన్నాను. ఇప్పుడు చెబుతుంది, చెప్పాలి కూడా అనుకున్నాను.

"బయట తింటారండి" అంది విజయ.

బయట. నా వంటిల్లు.

జూన్ 16, సోమవారం

ఇవాళ ఏమీ రాయలేను.

జూన్ 18, బుధవారం

వార్డులో పక్క మంచం అతను డిశ్చార్జి అయ్యాడు. వాళ్లావిడ సంతోషంగా అందరికీ లడ్డూలు పంచింది. షుగర్ వార్డులో లడ్డూలు! ఒక్కరూ వద్దనలేదు. మా వాడూ రెండు చేతులూ చాపి తీసుకుని, ఆమె వెళ్లాక దిండు పక్కన పెట్టాడు. ఎందుకు తీసుకున్నావురా అని కసిరాను.

"వద్దంటే చిన్నబుచ్చుకుంటారు కదక్కా."

పైకప్పు చూస్తూ అన్నాడు. "నాకసలు తీపి పెద్దగా పడదక్కా, చిన్నప్పట్నుంచీ. పెడుతున్నప్పుడు నీ మొహం చూసి తినేసేవాణ్ణి."

నీళ్ల సీసా నింపుకొస్తానని బయటికొచ్చేశాను. నిండు సీసా పట్టుకుని.

యాభై ఏళ్లు! తీపి ఆఖరున తింటుంటే ఇష్టమై దాచుకుంటున్నాడనుకున్నాను. తప్పించుకోవాలని చూసేవాడు వెధవ. మాగాయ టెంక పెట్టవా అని నా వెనకాలే తిరిగేవాడు, పెరుగన్నంలో అదొక్కటుంటే చాలు వాడికి. ఊరగాయలు తింటే కడుపులో మంట అని నేనే లాక్కుని బెల్లం ముక్క చేతిలో పెట్టేదాన్ని. ప్రేమ అనుకున్నాను. ఛీ, నా ప్రేమ...

జూన్ 20, శుక్రవారం

పక్కింటి సీతగారు తమ్ముణ్ణి గురించి అడగడానికి వచ్చారు. మాట్లాడుతూనే బెల్లం గవ్వల డబ్బా తీశాను. వద్దండీ, ఇప్పుడే టిఫిన్ చేశానండీ అన్నారు. అయ్యో, అలా అంటే ఎలాగండీ అన్నాను. తిన్నారు. ఆవిడ గుమ్మం దాటాక చూసుకున్నాను, నా చేతిలో ఇంకా ఆ డబ్బా ఉంది.

తమ్ముడి వేళ్లు పోయిన సంగతి చెబుతూ చెబుతూ వడ్డించాను. ఈ చేతిని ఏం చెయ్యాలి?

ఈ వీధిలో ఇంకెంతమంది నా మొహం చూసి తిన్నారో.

జూన్ 23, సోమవారం

బుధవారం కట్టు విప్పి చూసి తేలుస్తారట. నలుపు ఆగి ఉంటే సరే. పైకి పాకితే పాదం తీసేస్తారట, చీలమండ దాకా. మా ఆయన నన్ను పక్కన కూర్చోబెట్టుకుని నెమ్మదిగా చెప్పారు. ఒక్క కాలితో వాడు గట్టు మీద ఎలా... ఆ చెరువులు తప్ప వాడికి ఇంకో పని తెలియదు.

విజయకి ఫోన్ చేశాను. తప్పంతా నాదే అని చెప్పాలి. రెండుసార్లు గట్టిగా అని చూసుకుని మరీ నంబరు నొక్కాను. "చెప్పండి వదినగారూ" అంది, ఎప్పటిలాగే మెత్తగా. నా నోట్లోంచి ఏమొచ్చిందో తెలుసా... బుధవారం ఏం వండి తీసుకురాను, అని.



"మీరు రండి, చాలండి."

జూన్ 24, మంగళవారం

ఇవాళ పొయ్యి దగ్గరికి వెళ్లబుద్ధి కాలేదు. మా ఆయనే అన్నం వండారు. అడుగంటింది. ఇద్దరం అదే తిన్నాం.

జూన్ 25, బుధవారం

తెల్లవారింది. క్యారియర్ కడిగి బోర్లించే ఉంది. దాన్ని చూడకుండా వంటింట్లో తిరుగుతున్నాను. ఉత్త చేతులతో ఒకరి దగ్గరికి ఎలా వెళ్తారో నాకు ఈ వయసులో తెలియట్లేదు.

మాగాయ జాడీ మూత తీశాను. చిన్న సీసాలో ఒక టెంక వేశాను. రెండోదాని మీదికి చెయ్యి వెళ్లింది. వెళ్తుంది కదా మరి. జాడీకి మూత పెట్టి వాసెన గుడ్డ కట్టేశాను.

ఒకటే.

దీన్ని వాడికి చూపించను. ముందు విజయ చేతికిస్తాను. పెట్టొచ్చా అమ్మా, అని అడుగుతాను. వద్దంటే మళ్లీ సంచిలో వేసుకుని తెచ్చేసుకుంటాను. మిగతా మాట కూడా అప్పుడే, ఆమె మొహం చూసి చెప్పాలి. చెప్పగలనో లేదో.

మా ఆయన చెప్పులు వేసుకున్నారు. పదింటికి కట్టు విప్పుతారు.