పన్నెండు బస్తాల ప్రశ్న

ఇబ్రహీంపట్నం,
6 జూలై 1945.

చిరంజీవి తమ్ముడు ఎల్లయ్యకు అక్క సుసన్న దీవించి రాయునది. దేవుని దయవల్ల నేనూ అమ్మా ఇక్కడ క్షేమంగానే ఉన్నాం. నువ్వు కూడా ఆ దూరపు ఊళ్లో వేళకు తిని, ఆరోగ్యంగా ఉన్నావని తలుస్తాను. క్షేమమంటే ఒంటి సంగతి. మనసు సంగతి కింద రాస్తాను.

నీ ఉత్తరమూ, దాంతో పంపిన అచ్చు పుస్తకమూ పోయిన నెల చివర్లో అందాయి. జవాబు ఆలస్యమైనందుకు ఏమీ అనుకోవద్దని రాయబోయి ఆగాను. అనుకుంటే అనుకో. కోపం తగ్గాక రాద్దామని పది రోజులు చూశాను, తగ్గలేదు. కిరసనాయిలు కూపన్ల మీద ఇస్తున్నారు కాబట్టి బడి వదిలాక వరండాలో కూర్చుని, వెలుతురుండగానే ఇది రాస్తున్నాను.

ముందు నువ్వడిగిన వాటికి జవాబులు. అమ్మ మోకాలు కాస్త నయం. దవాఖానలో ఇచ్చిన నూనె రాస్తున్నాను. మెట్లెక్కలేదు గానీ నోటికి మాత్రం ఏ నొప్పీ లేదు. నీ ఉత్తరం వచ్చిన ప్రతిసారీ "ఎల్లిగాడు పెండ్లి ముచ్చట ఏమన్న రాసిండా?" అని అడుగుతుంది. లేదంటే, నేనే చదవకుండా దాచానని నా మీద అలుగుతుంది. మృగశిరలో రెండు వానలు పడి మళ్లీ మొహం చాటేశాయి. నాట్లు ఇంకా మొదలుకాలేదు.

మీ మనస్తత్వశాస్త్రం డిపార్టుమెంటుకు ఇరవై ఏళ్లు నిండాయని రాసింది రెండుసార్లు చదివాను. మొదట్లో లైబ్రరీ వెనక సామాన్ల గదిలో ఒక ప్రొఫెసరు, ఒక నౌకరు, జర్మనీ నుంచి ఓడలో వచ్చిన ఒక ఇత్తడి యంత్రం, అంతే ఉండేవనీ, పక్కనున్న తత్వశాస్త్రం వాళ్లు మిమ్మల్ని పిలవని చుట్టాల్లా చూసేవారనీ, ఊళ్లో పిల్లలు పిచ్చోళ్ల బడి అని వెక్కిరించేవారనీ రాశావు. ఇప్పుడు నాలుగు గదులట. గుండ్రంగా తిరిగే డబ్బా ఒకటట, దాని కంతలోంచి కనిపించే అర్థంలేని అక్షరాలను ఎవరు ఎంతసేపు గుర్తుపెట్టుకుంటారో లెక్క కడతారట. అర్థంలేని అక్షరాలు కంఠతా పట్టించే పని మా బడిలో యంత్రం లేకుండానే జరుగుతుందిరా, మీ ప్రొఫెసరుగారిని ఒకసారి పంపు. యుద్ధానికి పోయే సిపాయిల్లో ఎవరు ఏ పనికి తగునో చూసే బాధ్యత కూడా మీకే ఇచ్చారని చదివి వినిపిస్తే, "నా కొడుకు మనుషుల మనసు తూకమేస్తడా!" అని అమ్మ మురిసిపోయింది. నేను కూడా మురిసిపోయాను. కాదనను.

అంతవరకే రాసి ఊరుకుంటే ఎంత బాగుండేది. పుస్తకం తెరిచాను.

ముప్పై ఒకటో పేజీలో మా బడి ఉంది. నాకొచ్చిన ఇంగ్లీషుతో కూడబలుక్కుని చదివాను. డిసెంబరులో నువ్వొచ్చి పరీక్షించిన నలభై రెండు మంది పిల్లల్లో నూటికి డెబ్బై మంది మందబుద్ధులట. కూలి కుటుంబాల పిల్లలకు ఇది తల్లిదండ్రుల నుంచి వచ్చిందే గానీ చదువుతో మారేది కాదట. వాళ్లకు నాలుగో తరగతి పైన చదువు చెప్పడం వృథా ఖర్చట. కింద నీ పేరు. చివర్లో పిల్లల పేర్లతో పట్టిక, ఒక్కొక్కరి ఎదురుగా తెలివికి ఒక్కొక్క అంకె. నూరు ఉంటే మామూలు తెలివట. లీదియా, పదకొండేళ్లు, యాభై ఎనిమిది.

ఎల్లయ్యా, లీదియా ఎవరో నీకు గుర్తుందో లేదో. శేరిగూడ నుంచి రోజూ నడిచివచ్చే పిల్ల, ముందు వరసలో కూర్చుంటుంది. తండ్రి లేడు. తల్లి వజ్రమ్మ నాట్లకూ కోతలకూ పోతుంది. సాయంత్రం కూలి వడ్లు కొలిచేటప్పుడు ఈ పిల్ల తల్లి పక్కన నిలబడుతుంది, ఒక సోల తగ్గినా అక్కడికక్కడే చెబుతుంది. అందుకని కొలిచేవాడికి ఈ పిల్ల మొహం చూస్తేనే మంట. దాని బుద్ధి మందమని మీరు అచ్చు వేశారు.

వేశారు సరే, మీ గదుల్లో ఉంచుకోలేకపోయారా? "మనకు చదువు చెప్పిన మిస్సమ్మగారికి కూడా కృతజ్ఞతగా ఒక ప్రతి పంపాను" అని గొప్పగా రాశావు. లీదియాను అయిదో తరగతికి పట్నంలో ఆమె బోర్డింగులో చేర్చాలని మార్చి నుంచి తిరుగుతున్నాను. సీటిస్తానని మాట కూడా ఇచ్చింది. పోయిన వారం పిల్లనూ తల్లినీ వెంటబెట్టుకుని బస్సులో వెళితే, మిస్సమ్మగారు బల్ల మీద నీ పుస్తకం తెరిచిపెట్టుకుని ఉంది. చాలా తెలివైన పిల్ల అన్నాను. "నువ్వు చెప్పేది అభిమానం, సుసన్నా. నీ తమ్ముడు రాసింది శాస్త్రం" అంది. ఈ నెలాఖరు వరకూ సీటు ఖాళీగా ఉంచుతాననీ, యూనివర్సిటీ వాళ్లే తప్పని రాసిస్తే చూస్తాననీ చెప్పి పంపించింది.

తిరుగు బస్సులో వజ్రమ్మ మెల్లగా అంది.

"సీటు లేకుంటే గడీల పనికి పెట్టుడే టీచరమ్మ. దొరసాని రెండుమాట్ల కబురు పంపింది. ఇంటికాడ ఊకె ఉంటే ఊకుంటరా?"

దొర గడీలోకి పనికి పోయిన ఆడపిల్ల మళ్లీ పలక పట్టడం నేను చూడలేదు. నువ్వూ చూడలేదు. ఇదీ నీ యాభై ఎనిమిదికి అర్థం.

నువ్వు ఆ పరీక్ష ఎలా చేశావో ఒకసారి గుర్తు చేస్తాను. నువ్వు కోటు వేసుకుని మా బడిలో ఉన్న ఒక్క కుర్చీలో కూర్చున్నావు. నీకు కుడివైపు పోలీసు పటేలు, ఎడమవైపు తహసీలు కచేరి జవాను. చేతిలో గడియారం. గుమ్మంలో నన్ను చూసి "నమస్తే టీచరుగారూ" అన్నావు. పరీక్ష చేసేవాడు పిల్లలకు పరాయివాడుగా ఉండాలని మీ శాస్త్రంలో నియమమని సాయంత్రం సంజాయిషీ చెప్పావు. ఆ మాట నాకు అప్పుడే గుచ్చుకుంది, పోనీలే అనుకున్నాను.

మొదట కిష్టా అనే పిల్లవాణ్ని పిలిచావు.

"మీ నాయన దగ్గర పన్నెండు బస్తాల వడ్లున్నాయి. అయిదు అమ్మాడు. ఇంట్లో ఎన్ని మిగిలాయి?"

"మా నాయన తాన వడ్లు లేవు సారూ."

"ఉన్నాయనుకో."

"అనుకోను సారూ. లేవు."

గడియారం నొక్కి సున్నా వేశావు. లీదియా వంతు వచ్చింది. "మా నాయన సచ్చిపోయిండు సారూ. మా ఇంట్ల గింజ లేదు" అంది. దానికీ సున్నా. తప్పిపోయిన ఆవు దారిలో కనబడితే ఏం చేస్తావని అడిగావు. "సూడనట్టు పోత" అంది. ఆవును తోలుకొచ్చి అప్పగించినవాణ్నే దొంగ అని చావిడిలో కట్టేసిన పటేలు నీ పక్కనే నిలబడి ఉన్నాడు! ఇంకేం చెప్పమంటావు? దీన్ని నీ పుస్తకంలో మంచిచెడ్డల జ్ఞానం లోపించడం అని రాశావు. ఇంటి బొమ్మ చూపించి ఏం తక్కువైందో చెప్పమన్నావు. పొగగొట్టం తక్కువట. ఇబ్రహీంపట్నంలో పొగగొట్టం ఉన్న ఇల్లు ఒకటి చూపించు, నేను కూడా పోయి చూసొస్తాను.

మిగిలిన ప్రశ్నల్లో చాలావాటికి పిల్లల్లో ఎక్కువమందిది ఒకటే జవాబు. "తెల్వదు సారూ." అంతమంది ఒక్క గొంతుతో తెల్వదంటుంటే, మనసుల శాస్త్రం చదివినవాడివి, ఇదేమిటని ఒక్కసారైనా అనుమానం రాలేదా?

ఇంతవరకూ నీ తప్పులు రాశాను. ఇక నాది రాయాలి. రాయకుండానే ఉత్తరం ముగిద్దామని కూడా అనుకున్నాను.

తెల్వదనమని వాళ్లకు నేర్పింది నేనే.

అంతకు ముందు ఏడాది సర్కారు బలవంతంగా వసూలు చేసే లెవీ ధాన్యం కోసం రెవెన్యూ గిర్దావరు ఊరూరా తిరిగాడు. పెద్దలు దాస్తారని బడికొచ్చి పిల్లల్ని అడిగాడు. అబద్ధమాడరాదని రోజూ పాఠం చెప్పేది నేనే కదా. లీదియా లేచి నిలబడి, "మా అమ్మ కూలి వడ్లు పొయ్యెనక రెండు కుండలల్ల పోసింది" అని చెప్పి, మెచ్చుకుంటానని నావైపు చూసి నవ్వింది. ఆ మధ్యాహ్నమే రెండు కుండలూ ఎత్తుకుపోయారు. గడీలో గాదెల జోలికి ఎవరూ పోలేదు. వజ్రమ్మ ఇంట్లో నెలరోజులు అంబలికి కూడా కరువైంది. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

అందుకని డిసెంబరులో కచేరి జవాను వచ్చి, "కాగితాల సారొకాయన వస్తడు, పోరగాండ్లను ఒక్కొక్కల్ని పిలిచి సవాల్ జవాబ్ చేస్తడు, అందరుండాలె" అని చెప్పిపోగానే, నేను తలుపు దగ్గరగా వేసి పిల్లలకు చెప్పాను. "ఏమడిగినా తెల్వదనుండ్రి. ఇంట్ల ఏముందంటే ఏమీ లేదనుండ్రి. నేను పక్కకే ఉంట, భయపడకుండ్రి." వచ్చేది నువ్వని నాకేం తెలుసు? నువ్వు వేసిన కార్డు నువ్వెళ్లిన మూడో రోజుకు గానీ చేరలేదు.

వచ్చింది నువ్వని గుమ్మంలోనే చూశాను. పిల్లల్ని బయటికి తీసుకెళ్లి "ఈయన మనోడే, తెలిసింది చెప్పుండ్రి" అనవచ్చు. కానీ జవాను చెవులు రిక్కించుకుని నిలబడ్డాడు. నేను ఆ మాట అంటే, అంతకు ముందు ఏం చెప్పానో వాడికి తెలిసిపోతుంది. మర్నాడు ప్రతి ఇంట్లో పొయ్యి వెనక వెతుకుతారు. నా ఉద్యోగం పోతుంది. భయపడ్డాను. గోడకు ఆనుకుని నిలబడి, నీ కలం సున్నాలు పెడుతుంటే చూస్తూ ఊరుకున్నాను. సాయంత్రం పిల్లలంతా వెళ్లాక నువ్వొచ్చి అమ్మ దగ్గర అరగంట కూర్చున్నావు. అప్పుడైనా చెప్పాల్సింది. అమ్మ నీ కోటు తడుముతూ ఏడుస్తుంటే నోరు రాలేదు. కాగితం మీది అంకెలే కదా, ఎవరి కొంప ముంచుతాయిలే అనుకున్నాను. నా తప్పు నేను ఒప్పుకుంటున్నాను.

కానీ ఒకటి అడుగుతాను. మన కోహెడలో బాపును వెట్టికి పట్టుకుపోవడానికి పటేలు మనుషులు వచ్చినప్పుడు నీకు ఆరేళ్లు. బాపు గడ్డివాము వెనకే ఉన్నాడు. "మీ అయ్య ఏడిరా?" అంటే తెల్వదన్నావు. "అన్నం తిన్నవా?" అంటే కూడా తెల్వదన్నావు. నీ పేరేమిటంటే అదీ తెల్వదన్నావు. వాళ్లు పిచ్చి పోరడని నెత్తిన ఒకటి మొట్టి పోయారు. ఆ రోజు నీకు ఏ అంకె వేయాలో మీ ప్రొఫెసరుగారిని అడిగి రాయి.

వచ్చే చలికాలం కోహెడలో ఎనభై మంది పిల్లలకు ఇదే పరీక్ష పెట్టాలి, నువ్వు సాయం చేస్తావా అక్కా అని అడిగావు. చెయ్యను.

నువ్వు వదిలేసి పోయిన ప్రశ్నల కాగితం ఒకటి బడిలో దొరికింది. మొన్న లీదియాను పక్కన కూర్చోబెట్టుకుని అడిగాను. పన్నెండు బస్తాలు తీసేసి పన్నెండు సీతాఫలాలు పెట్టాను. మాట పూర్తి కాకముందే, "ఏడు. గానీ పండినయి అమ్మిండా, కాయలు అమ్మిండా?" అంది. అక్క చేసిన పరీక్ష చెల్లదంటావు. చెల్లకపోనీ. నువ్వు చేసింది కూడా చెల్లలేదని మీ డిపార్టుమెంటు కాగితం మీద మిస్సమ్మగారికి ఈ నెలాఖరులోగా రాయించు. తర్వాత వేసే పుస్తకంలో అచ్చు వేయించు. దీంతో ఇంకో కాగితం పెట్టాను. సుసన్న అనే నేను, ఈ బడి టీచరును, పిల్లలకు ఫలానా విధంగా చెప్పానని అందులో రాసి సంతకం చేశాను. ధాన్యం మాట ఎత్తలేదు, నువ్వూ ఎత్తకు. అది మీ ప్రొఫెసరుగారి చేతిలో పెట్టు. అక్క ఉద్యోగం పోతుందని దాచావో, నేను నీకు అక్కను కాను.

ఇదంతా రాయబోయే ముందు లీదియాకు నిజం చెప్పడం న్యాయమనిపించి, ఆ కాగితాల సారు నా తమ్ముడేననీ, మేమూ కూలోళ్ల పిల్లలమేననీ చెప్పాను. కోపగిస్తుందనుకున్నాను. "గట్లనా టీచరమ్మ? మీ తమ్ముడే అయితే, మేం దాస్తున్నమని ఆయనకెట్ల తెల్వకపాయె?" అని అడిగింది.

నాకు తెల్వదన్నాను. నీకు తెలిస్తే ఆ పిల్లకే రాయి. చదువుకుంటుంది.

ఇట్లు,
నీ మేలు కోరే, నీ మీద కోపం తీరని
అక్క
సుసన్న