చేపల తొట్టి గొట్టం సద్దు

తమ్ముడు ఓబులేసుకు,

మీ వదినను పుట్టింటి నుంచి పిలుచుకొని రావడానికి ఆలూరు పోతున్నాను. మేము వచ్చేలోపల చేపల తొట్టి గొట్టం సద్దు ఆపు. తొట్టిలో ఎక్కువైన నీళ్లు దిగిపోయే ఆ గొట్టంలో పైనుంచి కిందిదాకా జనపతాడు వేలాడదీయి. నీళ్లు తాడు వెంట జారితే గాలిని మింగవు, గురగురమనవు. గొట్టం మూతికి గుడ్డ మాత్రం కుక్కొద్దు. తొట్టి పొర్లి చేపలు బయట పడతాయి. అవి పాప పెంచుకున్నవి.

పాప పోయినాక ఆ సద్దు విన్నప్పుడల్లా మీ వదిన, "లేయప్పా, పాపకు మళ్లా ఊపిరాడకుండా ఉండాది" అని నన్ను లేపేది. ఓర్చుకోలేకనే పుట్టింటికి పోయింది.

మీ అన్న తిమ్మయ్య

తాడు వేసినాక సద్దు ఆగిందో లేదో నువ్వే విను. నిన్న నేను తొట్టికి నీళ్లే ఆపి చూశాను. నాకు వినపడుతూనే ఉంది. ఈ మాట వదినకు చెప్పొద్దు.