పన్నెండు వేల అడుగులు

నడికుడి,
జూన్ 29, 2025

ప్రియమైన పీర్ సాహెబ్ బావా,

మొన్న ఫోన్లో నేను "మందులు వేసుకున్నావా?" అంటే నువ్వు "ఎందుకు కోసుకున్నావు? రక్తం వచ్చిందా?" అన్నావు. నలభై ఏళ్ళు క్వారీలో రాళ్ళు పేల్చిన చెవులతో ఇక ఫోన్ మాటలు కుదరవు. స్మార్ట్‌ఫోన్ కొనమంటే కొనవు. అందుకే పోస్టాఫీసుకు వెళ్ళి పది కవర్లు తెచ్చుకున్నాను.

మా నిరోష గుంటూరు నుంచి నాకు స్మార్ట్‌వాచ్ తెచ్చింది. ఎన్ని అడుగులు వేశానో, గుండె ఎలా కొట్టుకుంటుందో అది చూస్తుందట. ఆ వివరమంతా నిరోష ఫోన్లో కనపడుతుంది. నాకు షుగర్ వచ్చింది కదా, "రోజుకు ఎనిమిది వేల అడుగులు పడాల నాన్నా. తగ్గిందా, గుంటూరు తీసకపోయి నా కళ్ళ ముందరే నడిపిస్తా" అని చెప్పి మరీ వెళ్ళింది. వాళ్ళు ఉండేది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. మా పిల్ల నర్సు. అన్నదంటే చేస్తుంది.

మొదటి రోజు ఎంతో తెలుసా? పదకొండు వందలు. అందులో మూడొందలు కళ్ళజోడు వెతకడానికి వేసినవి. ముప్పై రెండేళ్ళు రైల్వే గేటు దగ్గర కూర్చుని లోకాన్ని ఆపినవాణ్ణి, ఇప్పుడు నడవమంటే ఎట్లా?

కాసేపు కూర్చుంటే చాలు, "లేచి కదలండి" అంటూ చేతి మీద గుర్రుమంటుంది. దేవమ్మ చూసి, "నేను ముప్పై ఎనిమిదేళ్ళ బట్టి చెప్తన్న మాటే గదా, దానికి ఛార్జింగు పెట్టారు" అంది.

మాబున్నీసా అక్కయ్యకు సలాములు చెప్పు.

నడవలేక కూర్చున్న
నీ ఏసోబు

---

మాచర్ల,
జూలై 8

ప్రియమైన ఏసోబు బావా,

ఉత్తరం అందింది. పోస్ట్‌మన్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "చేత్తోనే రాశారా?" అని అడిగి ఇచ్చాడు.

ఇలాంటి వింతలు రోజూ పేపర్లో చదువుతూనే ఉన్నాను. పాలు అయిపోతే ఫ్రిజ్జే చెబుతుందట. మా ఇంట్లో ఆ కబురు మాబున్నీసా చెబుతుంది, గిన్నె కూడా చేతికిస్తుంది. అడిగితే కంప్యూటరే ఉత్తరాలు రాసిపెడుతుందట. నీ ఉత్తరంలో తప్పులు లేకపోతే ఇకమీదట అనుమానించాల్సిందే. ఈసారికి మూడున్నాయి, నమ్మాను.

అయినా నువ్వు నడుస్తుంటే నేను ఊరుకుంటానా? గురజాల హైస్కూలు పరుగు పందెంలో చివర్నుంచి మొదటివాడివి నువ్వు, రెండోవాణ్ణి నేను. ఆ మర్యాద నిలుపుకోవాలి. నాకు వాచీలు అక్కర్లేదు. కుడి జేబులో చింతగింజలు పోసుకున్నాను. వంద అడుగులకు ఒక గింజ ఎడమ జేబులోకి వెళుతుంది. నిన్న నలభై మూడు గింజలు. నీది ఎంతయిందో దాచకుండా రాయి.

దేవమ్మ చెల్లెమ్మను అడిగానని చెప్పు.

నీ బాగు కోరే, నీకంటే ముందుండే
పీర్ సాహెబ్

---

నడికుడి,
జూలై 20

ప్రియమైన బావా,

నలభై మూడు గింజలా? పాపం.

పోయిన వారం నావి వరసగా పదకొండు వేలు, పదకొండున్నర వేలు, పన్నెండు వేలు. ఆదివారం ప్రార్థన తర్వాత పెదకూరపాడు నుంచి చుట్టాలు ఎనిమిది మంది దిగారు. అయినా ఆ రోజు పద్నాలుగు వేలు. బుధవారమంతా వాన కురిసింది, అయినా తగ్గలేదు. నిరోష ఫోన్ చేసి, "నాన్నా, నువ్వేనా? నాకు చానా సంతోషంగా ఉంది" అని ఒకటే మురిసిపోయింది.

నీకొక చిట్కా చెబుతాను. వెనక్కి నడిస్తే మోకాళ్ళకు మంచిదని ఇంటర్నెట్లో ఒకాయన చెప్పాడు. ఆ వీడియోను నలభై లక్షల మంది చూశారు. అంతమంది చూసింది అబద్ధమవుతుందా? ప్రయత్నించు. పట్టుదల ఉంటే వయసు అడ్డు కాదు బావా. నన్ను చూసి నేర్చుకో.

అలుపెరగని
నీ ఏసోబు

---

మాచర్ల,
ఆగస్టు 2

ప్రియమైన, అలుపెరగని బావకు,

ఈ ఉత్తరం మంచంలో పడుకుని రాస్తున్నాను.

నీ పన్నెండు వేలు అందుకోవాలని పొద్దునా సాయంత్రం నడిచాను. తొంభై గింజల దాకా వచ్చాక, మిగతావి వెనక్కి నడిచి పూర్తి చేద్దామనుకున్నాను. ఆ నలభై లక్షల మందికీ వెనకాల గేదె లేదేమో, నాకు ఉంది. అది కదల్లేదు, నేనే పడ్డాను. కుడి మోకాలు బూరెలా వాచింది. మాబున్నీసా కాపడం పెడుతూ, "నిన్ను ఎవురు నడవమన్నారు? నడికుడిలో ఆయన నడిస్తే మాచర్లలో నీ కాళ్ళకేంది తీట?" అని వీధి మొత్తానికి వినపడేట్టు అడిగింది. నాకే వినపడిందంటే చూసుకో.

కాలు కదపకుండా పడుకుంటే ఆలోచన ఎక్కువవుతుంది. వాన రోజున పన్నెండు వేల అడుగులు ఎక్కడ వేశావు బావా? ఇంట్లో చుట్టాలు ఉండగా పద్నాలుగు వేలు ఎట్లా? నాకు నవ్వు రావడం లేదు, భయంగా ఉంది. ఈ వయసులో గుండెతో పందెం వేయకు. నిజం రాయి.

మంచం మీద నుంచి
నీ పీర్ సాహెబ్

---

నడికుడి,
సెప్టెంబరు 21

ప్రియమైన బావా,

యాభై రోజులు జవాబు రాయలేదు. ముందు నీ మోకాలికి క్షమాపణ. ఆ అడుగులు నావి కావు.

ఆ వాచీ వల్ల చెయ్యి కమిలిందని దేవమ్మతో చెప్పి, రెండు రోజులు ఆమెనే పెట్టుకోమన్నాను. ఆమె గాజుల వెనక్కి తోసుకుని తన పనిలో పడిపోయింది. సాయంత్రం చూస్తే పదకొండు వేలు! నేను పొద్దుటి నుంచి వసారాలో పడుకునే ఉన్నాను. ఆమె గడప దాటలేదు. పంపు, పొయ్యి, దొడ్డి, డాబా మీద బట్టలు, మళ్ళీ పొయ్యి. నిరోష మెచ్చుకుంటే అవి నా అడుగులేనన్నాను. వాచీ ఆమె చేతికే వదిలేశాను.

నీ ఉత్తరం వచ్చిన నాలుగో రోజు తెల్లారేసరికి నిరోష రైలు దిగింది. అది చూడకముందే దేవమ్మ చేతి వాచీ తీసి నేను పెట్టుకున్నాను. గుండె లయ తప్పుతోందని వాచీ మూడు రోజులుగా నిరోష ఫోన్‌కు హెచ్చరిక పంపుతోందట. "ముందు ఆసుపత్రికి పదండి, మాటలు తర్వాత" అని నన్ను గుంటూరు లాక్కెళ్ళింది, దేవమ్మ కూడా వెంట వచ్చింది. చెబుదామనుకున్నాను బావా. ముందు సిగ్గు, తర్వాత భయం. వాచీయే తప్పు చూపి ఉంటుంది, పరీక్షల్లో ఏమీ తేలక ఇంటికి పంపిస్తారులే అనుకున్నాను. ఈసీజీ తీశారు. నా గుండె నిక్షేపంలా ఉంది. చివరికి నడిచే మిషన్ ఎక్కించారు. రెండు నిమిషాలకే కుక్కలా రొప్పాను. డాక్టరు నావైపు, కాగితాలవైపు చూసి, "రోజుకు పన్నెండు వేల అడుగులు నడిచే మనిషి మీరేనా?" అన్నాడు.

తలుపు అవతల దేవమ్మ నా చొక్కా పట్టుకుని గుమ్మానికి ఆనుకుని నిలబడి ఉంది. చెమటలు పడుతున్నాయి. ఒక చెయ్యి గుండె మీద ఉంది. అప్పుడు వెలిగింది నాకు. లయ తప్పిన గుండె ఎవరిదో.

"నేను కాదు సార్. వాచీ ఆమె పెట్టుకుంది" అని అరిచాను. నిరోష నన్ను చూసిన చూపు నీకు రాయలేను.

థైరాయిడ్ ముదిరి గుండె గతి తప్పిందట. ఇంకొన్నాళ్ళు గమనించకపోతే పక్షవాతం వచ్చేదన్నారు. "దడ వస్తుంటే ఎందుకు చెప్పలేదమ్మా?" అని డాక్టరు అడిగితే, "పని చేస్తే ఎవురికైనా దడ వస్తది గదా సారూ" అంది. నేను గోడవైపు తిరిగి నిలబడ్డాను.

నెల రోజులు గుంటూరులో నిరోష దగ్గరే ఉన్నాం. ఆ మూడు అంతస్తులూ మందులకనీ కూరగాయలకనీ నేనే ఎక్కి దిగాను. ఇప్పుడు కుదురుకుంది. ఇల్లు చేరి వారమైంది. ఆమె మంచం దిగకూడదు, నేను కూర్చోకూడదు. ఇది నిరోష ఉత్తర్వు.

నిన్న మొదటిసారి పప్పు నేనే చేశాను. అడుగంటింది. కారం రెండుసార్లు పడింది. దేవమ్మ ముద్ద నోట్లో పెట్టుకుంది. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి.

"ఎట్లుంది?" అన్నాను.

"చానా బాగుంది. ఇంకొంచెం ఎయ్" అంది.

ఈ ఇంట్లో అబద్ధాలు చెప్పేది నేనొక్కణ్ణే అనుకున్నాను బావా. వేశాను. తినేసింది.

నీ ఏసోబు