మీటరులో నలభై

కర్నూలు, శుక్రవారం రాత్రి

కారుకు వేరే బండి గేరుబాక్సు వేయించాక ఈరోజే మా ఆయనతో నందికొట్కూరు వెళ్ళొచ్చాను.

"చూస్తివా, నలభై! ముసలి బండికి పడుచుదనం వచ్చె," అన్నారు.

మైలురాళ్ళ మధ్య నేను గడియారం చూశాను. మైలుకు రెండు నిమిషాలు పట్టింది. అంటే గంటకు ముప్పై మైళ్ళే. గేరుబాక్సు మారాక మీటరు ఎక్కువ చూపిస్తోంది. పోయిన వేసవిలో కల్వర్టును గుద్దినప్పటి నుంచి ఆయన వేగమంటే నాకు దడ. అందుకే నిజం చెప్పలేదు.

"శానా జోరుగా పోతాండారు," అన్నాను.

"నేనుండాగా, భయపడాకు," అని మురిసిపోతూ ఇంకా తగ్గించారు.

రేపు మెకానిక్ మస్తాన్ మీటరు కూడా చూస్తాడట. సరిచేస్తే, ముల్లు మళ్ళీ నలభైకి వచ్చేదాకా ఈయన తొక్కుతారు. మస్తాన్ రాగానే కాఫీ ఇచ్చి, మీటరు జోలికి పోవద్దని చెబితే...