ముంపు అంటే ఇక్కడ వేరు

విశాఖపట్నం,
బుధవారం మధ్యాహ్నం.

ప్రేమగల అక్కకు,

నీ చెల్లెలు సుజాత దండం పెట్టి రాస్తున్నది. ఇక్కడ నేను, మీ మరిది, పాప ముగ్గురం క్షేమం. బాన్సువాడలో నువ్వు, బావ, పిల్లలు కులాసాగా ఉన్నారని తలుస్తాను. బావ మోకాలి నొప్పి తగ్గిందా? వరి కోతలు మొదలయ్యాయా? ఫోన్లో అడిగితే "అంతా మంచిగనే ఉన్నదే" అని పెట్టేస్తావు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. నువ్వూ తీరిగ్గా జవాబు రాయి.

మా గురించి ఫికరు పడకు, బాగున్నాం. సముద్రం రెండు వీధుల అవతల. ఉతికిన బట్టలు రెండు రోజులైనా చెమ్మ వదలవు. కిటికీ ఊచలకు రంగు వేసిన ఆరు నెలలకే తుప్పు. అది తప్ప కష్టమేమీ లేదు. మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుని వరండాలో చాప మీద ఒరిగితే ఆ హోరు వింటూనే కళ్లు మూతలు పడతాయి. అప్పుడది సముద్రం కాదక్కా, కాలువకు నీళ్లు వదిలిన రోజు మన మడుల్లో వినబడే చప్పుడు. కొంగు నడుముకు దోపుకుని నాటుకు దిగుతాను. నీళ్లు మోకాళ్లు దాటవు, ఎంత నడిచినా గట్టు మాత్రం రాదు. భయమేమీ ఉండదు, అలా నడుస్తూనే ఉంటాను. లేచి చూస్తే పెదవుల మీద ఉప్పు.

చేపల కూర వండడం నేర్చుకున్నాను. జొన్న రొట్టె మీద మాత్రం మనసు పోతుంది. ఇటు వచ్చేవాళ్లెవరైనా ఉంటే కాస్త జొన్నపిండి పంపు. మనం చిన్నప్పుడు వర్ని దిక్కు వచ్చి స్థిరపడ్డ కోస్తా వాళ్ల మాట విని నవ్వుకునేవాళ్లం కదా, ఇప్పుడు కూరగాయల బండి దగ్గర నేను నోరు తెరిస్తే ఇక్కడివాళ్లు నవ్వుతారు.

ఇక అసలు సంగతి. పోయిన ఉత్తరంలో నువ్వు, "సముద్రం పక్కన ఇల్లేందే, అమ్మేసి రారాదు, బావ బస్టాండు దగ్గర జాగ చూస్తుండు" అని రాశావు. చదివి మూడు రోజులు మనసు మనసులో లేదు. నా వంతు పొలం అమ్మి కొన్న ఫ్లాటు ఇది. ఏ తుఫానుకో ఇది పోయిందంటే నాకు అక్కడ మడి లేదు, ఇక్కడ గోడ లేదు. అందుకని ముందు బీమా చేయిద్దామనుకున్నాను. మీ మరిదిని అడిగితే "ఇల్లు నీ పేరు మీద ఉన్నది, నువ్వే చూస్కో" అని బ్యాంకుకు వెళ్లిపోయాడు. ఆయన సంగతి నీకు తెలిసిందే.

ఆదివారం బీమా ఏజెంటు వచ్చాడు. మూర్తిగారని పెద్దమనిషి. మెట్లు, పైకప్పు, నీళ్ల ట్యాంకు అపార్ట్‌మెంటు సంఘం పాలసీలో ఉంటాయట. మన ఇంటి లోపలి గోడలు, గచ్చు, తలుపులు, సామాను మాత్రం ఎవరిది వాళ్లు చేయించుకోవాలట.

"మరి భూమికి?" అని అడిగాను.

"భూమికి బీమా ఉండదండి. భూమి ఎక్కడికీ పోదు కదా" అని నవ్వాడు.

మన అవ్వ పుట్టిన ఊరు ప్రాజెక్టు నీళ్ల కిందికి పోయిన సంగతి ఆయనకేం తెలుసు. అవ్వ పోయేదాకా దాన్ని ముంపు ఊరనే చెప్పింది కదా.

తరువాత ఆయన ఫారం మీద ఒక గడి చూపించి, "ఈ ముంపు గడి ఉంచమంటారా, తీసేయమంటారా? తీసేస్తే ప్రీమియం కొంత తగ్గుతుందండి" అన్నాడు. నాకు వెంటనే అవ్వ మాటలే గుర్తొచ్చాయి.

"తీసేయండి. ముంపైతే సర్కారు నోటీసు ఇస్తది, పరిహారం ఇస్తది. దానికి బీమా ఏంది?" అన్నాను.

ఆయన నా ముఖం ఒకసారి చూసి, "మీ ఇష్టమండి" అని గడి మీద గీత కొట్టాడు. గట్టిగా బేరమాడానని నాకు లోపల సంబరం కూడా కలిగింది.

సోమవారం పొద్దున పైఇంటి వరలక్ష్మిగారు కరివేపాకు కోసం వచ్చారు. రిటైరైన టీచరు, పుట్టి పెరిగింది ఈ ఒడ్డునే. గొప్పగా చెప్పుకుందామని ఆవిడకు ఈ సంగతి చెప్పాను.

"ముంపు కొట్టించీసేవేటమ్మా?" అని ఆవిడ అక్కడే కుర్చీలో కూలబడ్డారు. "కిందిల్లు నీది. నువ్వు కొనకముందు గాలివానకి ఈ గుమ్మం దాటి నీళ్లొచ్చీసినాయి. అప్పుడున్నోళ్ల మంచం కోళ్లు మునిగిపోనాయి."

"మా దిక్కు ముంపంటే ప్రాజెక్టు కట్టినప్పుడండీ. ముందే వచ్చి ఇండ్లు కొలుచుకొని పోతరు" అన్నాను.

ఆవిడ నవ్వబోయి, నా ముఖం చూసి ఆపుకున్నారు. "ఇక్కడ ఎవడూ కొలవడమ్మా, నోటీసూ ఇవ్వడు. వానే వచ్చీస్తాది. ఆ గడి పేరు ముంపే గానీ తుఫానూ, వరదా దాన్లోనే ఉంటాయి. పాలసీ చేతికొచ్చీసిందంటే మళ్లీ ఏడాది దాకా మార్చరు."

తుఫాను కోసమే చేయించుకుంటున్న బీమాలోంచి తుఫానునే కొట్టించాను. స్టవ్వు ఆర్పి, ఇంటి తాళం ఆవిడ చేతికిచ్చి, మూర్తిగారి ఆఫీసుకు ఆటో ఎక్కాను. దారి పొడవునా సముద్రం ఎండలో ప్రశాంతంగా మెరుస్తోంది. అంత అందమైనదాన్ని చూస్తూ అంత భయపడడం నాకదే మొదలు. నేను వెళ్లేసరికి మూర్తిగారు ఫారాల కట్టకు తాడు వేస్తున్నారు.

"ముంపు ఉండాలండి. నేను తప్పు చెప్పిన" అన్నాను ఆయాసపడుతూ.

ఆయన విసుక్కోలేదు. పాతది చించేసి కొత్త ఫారం ఇచ్చి, "ఈసారి మీరే రాయండమ్మా, ప్రతి గడీ చదివి" అన్నారు. అలాగే రాశాను. గోడలు, గచ్చు, తలుపులు, బీరువా, గ్రైండరు అన్నీ చేర్చాను. ముంపు గడి ఉంచాను. ఆయన సంతకానికి ముందు మొత్తం పైకి చదువుతూ ఒకచోట ఆగి, "శాశ్వత చిరునామా కూడా ఇదేనాండీ?" అన్నారు.

అక్కా, నువ్వు కష్టపెట్టుకోకు. ఈ ఊరొచ్చి ఆరేళ్లు. గ్యాసుకైనా, పాప బడికైనా ఆ గడిలో బాన్సువాడే రాశాను. ఆదివారం ఆయన నింపిన ఫారంలో కూడా అదే చెప్పాను. సోమవారం ఆదరాబాదరాలో నా చెయ్యి ఈ ఫ్లాటు నంబరు వేసింది. దిద్దుకోవచ్చు, పెన్ను చేతిలోనే ఉంది. "అవునండి, ఇదే" అన్నాను. తిరిగి వస్తూ ఆటోలో ఏడ్చాను. ఎందుకని అడిగితే ఇప్పటికీ చెప్పలేను. ఇల్లు మాత్రం అమ్మను. జాగ చూడొద్దని బావకు నువ్వే మెల్లగా చెప్పు.

అత్తమ్మకు, పెద్దనాయనకు నా దండాలు. పిల్లలకు ముద్దులు. కోతలైన తరువాత అందరూ రండి, పది రోజులైనా ఉండాలి. రాగానే వరండాలో చాప వేస్తాను.

ఇంకొక్క చిన్న పని. ఈసారి ఓటర్ల లిస్టు సరిచేసేవాళ్లు మీ గల్లీకి వస్తే మా ఇద్దరి పేర్లూ తీసేయమని చెప్పు. నా పేరు మీద గీత కొట్టేటప్పుడు మాత్రం నువ్వు పక్కనే నిలబడు అక్కా.

నీ దీవెన ఎప్పుడూ కోరుకునే
చెల్లెలు సుజాత